చేపల తొట్టి నీళ్లు పంపుతో తోడటం: గొట్టం ఎలా బిగించాలి, నీళ్లు ఎలా ఆపాలి

పంపుకు గొట్టం తగిలించడం అయిదు నిమిషాల పని. ఆ గొట్టంలో కదిలిన నీళ్లను మనం అనుకున్న చోట ఆపడం మాత్రం నేర్చుకోవలసిన పని. నేను రెండోది తెలియకుండా మొదటిది చేశాను. నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి హాల్లో నాలుగడుగుల చేపల తొట్టి ఉంది. ఒక ఆదివారం పంపును అందులోకి దించి, గొట్టాన్ని కిటికీ ఊచల్లోంచి బయటి కొబ్బరి చెట్టు పాదులోకి వదిలి, అయిదంగుళాల నీళ్లు తగ్గగానే స్విచ్ ఆపేసి భోజనానికి కూర్చున్నాను. పప్పు, పులుసు అయి మజ్జిగ దాకా వచ్చేసరికి మా అమ్మాయి "నాన్నా, చేపలు పక్కకు ఒరిగి ఈదుతున్నాయి" అంది. వెళ్లి చూస్తే తొట్టిలో రెండంగుళాల నీళ్లు మిగిలాయి. స్విచ్ మాత్రం ఆపే ఉంది.

చేపలు బతికాయి. అలా ఎందుకు జరిగిందో, జరగకుండా ఏం చేయాలో ఆ వంతు వచ్చినప్పుడు చెబుతాను. ముందు సామాను దగ్గర మొదలుపెడదాం.

అసలు పంపు కావాలా

చాలా ఇళ్లలో అక్కర్లేదు. తొట్టి స్టాండు మీద ఉండి, నీళ్లు పోవలసిన చోటు దానికన్నా కింద ఉంటే, గొట్టాన్ని కుళాయి నీళ్లతో నింపి రెండు కొసలూ వేళ్లతో మూసి, ఒక కొస తొట్టిలో ముంచి, ఇంకో కొస కింద వదిలితే చాలు. బండిలోంచి పెట్రోలు లాగడం చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. అయితే నోటితో పీల్చకండి. తొట్టి నీళ్లలో చేపల మలమూత్రాలే కాదు, మీరు వేసిన మందులు కూడా ఉంటాయి.

పంపు కావలసింది వేరే సందర్భాల్లో. తొట్టి నేల మీదే ఉన్నప్పుడు, నీళ్లు వరండా పిట్టగోడ దాటాలన్నా డాబా మీది కుండీలకు ఎక్కాలన్నా, స్నానాలగది దూరంగా ఉండి వాలు చాలనప్పుడు. వీటికి ఇంకొకటి కలుపుతాను: బకెట్లు మోయడానికి మీ నడుము ఒప్పుకోనప్పుడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి అంటే 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 255 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 220 లీటర్ల పైచిలుకు నీళ్లు ఉంటాయి. అంటే అంతే కిలోల బరువు. ఈ కొలతల తొట్టిలో ఒక్క అంగుళం నీళ్లు తగ్గితే 14 లీటర్లు బయటికి పోయినట్టు. అయిదంగుళాలు 70 లీటర్లు, సగటు బకెట్‌తో అయిదు సార్లు హాలు దాటడం.

పంపు, దాని ఎత్తు లెక్క

ఎండాకాలం నెల్లూరులో కూలర్ లేని ఇల్లు అరుదు. ఆ కూలర్ అడుగున నీళ్లు పైకెక్కించే చిన్న పంపు ఉంటుందే, అదే జాతి పంపు మనకు పనికొస్తుంది. నీళ్లలో మునిగి పనిచేసే 18 వాట్ల పంపు చిన్న, మధ్యరకం తొట్లకు చాలు. కానీ కూలర్‌లోంచి ఊడదీసి నేరుగా తొట్టిలో దించకండి. దానికి పట్టిన సున్నపు పొర, జిగురు అంతా కడిగి, బకెట్ నీళ్లలో ఒక గంట తిప్పి, ఆ నీళ్లు పారబోశాకే తొట్టిలో పెట్టాలి. ఎప్పుడైనా ఫినాయిల్ కలిపిన నీళ్లు తోడిన పంపు అయితే చేపల దగ్గరికే రానివ్వకండి.

పంపు డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గంటకు ఇన్ని లీటర్లు అనేది. ఇంకొకటి హెచ్ మ్యాక్స్, అంటే నీళ్లను ఎక్కించగల గరిష్ఠ ఎత్తు. ఈ రెండూ ఒకేసారి నిజం కావన్న సంగతి డబ్బా మీద రాయరు. గంటకు ఇన్ని లీటర్లన్నది గొట్టమే లేకుండా, ఎత్తే లేకుండా వచ్చే లెక్క. గరిష్ఠ ఎత్తు దగ్గర వచ్చే నీళ్లు సున్నా. హెచ్ మ్యాక్స్ 1.8 మీటర్లు అని ఉన్న పంపు ఆరడుగుల ఎత్తున నీటిని నిలబెట్టగలదు, అంతే. పారదర్శకమైన గొట్టం తగిలిస్తే ఆ దృశ్యం కళ్లారా చూడవచ్చు: పంపు గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంటుంది, నీటిమట్టం గొట్టంలో ఆరడుగుల దగ్గర అలాగే ఆగి ఉంటుంది, బయటికి ఒక్క చుక్కా రాదు. కింది అంతస్తు హాల్లోంచి డాబా మీది కుండీలకు నీళ్లు ఎక్కించాలనుకునే వాళ్లు ఈ పంపు కొని, అది పాడైందని దుకాణంవాడితో గొడవ పడుతుంటారు. మీకు కావలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు హెచ్ మ్యాక్స్ ఉన్న పంపు తీసుకోండి.

ఎత్తును ఎక్కడినుంచి కొలవాలి? పంపు నుంచి కాదు, తొట్టిలోని నీటి మట్టం నుంచి. ఆ మట్టం నుంచి గొట్టం దాటే అత్యంత ఎత్తైన చోటు దాకా కొలవండి. తోడుతున్న కొద్దీ తొట్టిలో మట్టం దిగుతుంది కాబట్టి పంపు ఎత్తవలసిన ఎత్తు పెరుగుతూ పోతుంది. చివరి నీళ్లు నెమ్మదిగా రావడానికి కారణం అదే, పంపు అలసిపోయి కాదు.

డాబా మీది ట్యాంకు నింపే అర హార్స్‌పవర్ మోటారు ఖాళీగానే ఉంది కదా, దాన్నే వాడదామని కొందరికి అనిపిస్తుంది. వద్దు. దాని లాగుడుకు గులకరాళ్లు, మొక్కలు, చిన్న చేపలు అన్నీ వెళ్లిపోతాయి. పైగా అది నీళ్లను బయటినుంచి పీల్చే మోటారు. పీల్చే వైపు మెత్తటి గొట్టం పెడితే రెండు గోడలూ అతుక్కుపోతాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఇంజన్లు చూడండి: నీళ్లు పీల్చే వైపు గట్లు గట్లుగా ఉండే గట్టి పైపు, నీళ్లు నెట్టే వైపు చుట్టచుట్టి భుజాన వేసుకోదగ్గ చదును గొట్టం. మనది నీళ్లలో మునిగే పంపు, దానికి నెట్టే వైపు మాత్రమే ఉంది. మనకు మెత్తటి గొట్టం సరిపోవడానికి అదే కారణం.

గొట్టం ఎంచుకోవడం

దుకాణంలో "అర అంగుళం పైపు" అని అడిగితే ఒక్కో గొట్టం ఒక్కో తీరుగా వస్తుంది. మీకు కావలసింది గొట్టం లోపలి వ్యాసం, పంపు మూతి బయటి వ్యాసం. ఇవి రెండూ కలవాలి. కొలిచే పరికరం ఇంట్లో లేకపోతే సన్నటి కాగితం ముక్కను పంపు మూతి చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, విప్పి స్కేలుతో కొలవండి. వచ్చినదాన్ని 3.14తో భాగించండి. 50 మిల్లీమీటర్లు వస్తే మూతి 16 మిల్లీమీటర్లు, 41 వస్తే 13. ఇదంతా ఎందుకనుకుంటే పంపునే సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లండి, అదీ మంచి పద్ధతే.

తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకోవడానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపు చూశారు కదా. నాకు తెలిసినంతలో ఈ పనికి దాన్ని మించింది లేదు. ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. లోపల నీళ్లు కదులుతున్నాయా, గాలి ఇరుక్కుందా, చిన్న చేప ఏదైనా వెళ్లిందా అన్నీ కనబడతాయి. తోటకు వాడే పచ్చ గొట్టం కూడా పనిచేస్తుంది, కానీ లోపల ఏం జరుగుతుందో అది చెప్పదు. పంపు మూతి 16 మిల్లీమీటర్లయితే ఇంకో దారి ఉంది. పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలున్న ఊళ్లలో డ్రిప్ సామాను అమ్మే దుకాణాలుంటాయి. 12, 16 మిల్లీమీటర్ల జాయినర్లు, ఎల్బోలు, మూతలు అక్కడ చిల్లర డబ్బులకు దొరుకుతాయి. డ్రిప్ పైపు మాత్రం మన పనికి కొంచెం మొండిది, వంపు తిరగదు, నొక్కుకుపోతుంది. జాయినర్లు తెచ్చుకుని గొట్టం మెత్తటిదే వాడండి.

సన్నటి గొట్టం చవక అని తీసుకోకండి. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్ల నుంచి 16కు పెంచితే, అవే నీళ్లు పారడానికి గొట్టంలో పోయే ఒత్తిడి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పది, పన్నెండు మీటర్ల దూరం ఉన్నప్పుడు ఈ తేడా పంపు మార్చినంత పని చేస్తుంది.

బిగించే పద్ధతి

గొట్టం కొసను కొత్త బ్లేడుతో నిటారుగా కోయండి. కత్తెరతో కోస్తే కొస నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, వంకరగా కోస్తే ఒక పక్క మాత్రమే పట్టుకుంటుంది. పాత గొట్టం అయితే గట్టిపడిన రెండంగుళాల ముక్కను మొహమాటం లేకుండా కోసి పారేయండి.

గొట్టం ఎక్కించడానికి ముందే, దాన్ని మూతి మీద బిగించే స్క్రూ క్లిప్పును గొట్టం మీదికి తొడిగి వెనక్కి జరపండి. ఈ మాట రాస్తూ నాకే నవ్వొస్తోంది. ఎన్నిసార్లు గొట్టం బ్రహ్మాండంగా ఎక్కించేసి, క్లిప్పు బల్ల మీద ఉండటం చూసి మళ్లీ లాగానో లెక్క లేదు.

ఒక గ్లాసులో వేడి నీళ్లు పోసుకోండి. మరుగుతున్నవి అక్కర్లేదు, తాగే టీ అంత వేడి చాలు. గొట్టం కొసను అందులో ఒకటి రెండు నిమిషాలు ముంచితే మెత్తబడుతుంది. బయటికి తీసి, పంపు మూతిని తొట్టి నీళ్లతో తడిపి, గొట్టాన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ లోపలికి నెట్టండి. మూతి మీద మెట్లు మెట్లుగా గట్లు ఉంటాయి, గొట్టం ఆ గట్లన్నీ దాటాలి. కనీసం ముప్పావు అంగుళం ఎక్కాలి, అంగుళం ఎక్కితే మేలు. సులువుగా జారుతుందని సబ్బు రాయకండి, నూనె రాయకండి. సబ్బు చేపల మొప్పలకు విషం. వేడి నీళ్లతోనే పని జరుగుతుంది, చల్లారాక గొట్టం తనంతట తానే ముడుచుకుని గట్టిగా పట్టుకుంటుంది.

ఇప్పుడు క్లిప్పును ముందుకు జరిపి, గొట్టం కొస నుంచి పావు అంగుళం లోపలికి, గట్ల వెనక భాగంలో ఉండేలా చూసి స్క్రూ బిగించండి. పంపు మూతి ప్లాస్టిక్‌ది. గొట్టం మీద క్లిప్పు కొంచెం గుచ్చుకుంటున్నట్టు కనబడగానే ఆపేయండి, ఇంకో అరచుట్టు తిప్పితే మూతి పగులుతుంది. తొట్టిలో మునిగే చోట ఇత్తడి, గాల్వనైజ్డ్ క్లిప్పులు వద్దు. ఇత్తడిలోని రాగి, గాల్వనైజ్డ్ పూతలోని జింకు చిన్న రొయ్యలకు, నత్తలకు పడవు. స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పు వాడండి. లేదా నైలాన్ కేబుల్ టైలు రెండు తీసుకుని, ఒకదాని తాళం ఒక వైపు, రెండోదాని తాళం ఎదురు వైపు వచ్చేలా బిగించండి. ఒకటే వేస్తే తాళం ఉన్న చోట సన్నటి సందు మిగిలి అక్కడినుంచి చిమ్ముతుంది.

కొలతలు కలవనప్పుడు చాలామందికి మొదట తోచేది సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం, లేదా టెఫ్లాన్ టేపు చుట్టడం. టెఫ్లాన్ టేపు మరలు ఉన్న చోటికి తయారైంది. గట్లు ఉన్న మూతికి దాన్ని చుడితే జారుడుబల్ల తయారు చేసినట్టే. సైకిల్ ట్యూబు ఒక పూట పనిచేస్తుంది, రెండో పూట ఊడుతుంది. గొట్టం వదులుగా ఉంటే, మూతికి సరిపోయే సన్న గొట్టం రెండంగుళాల ముక్క ముందు ఎక్కించి, దాని మీద పెద్ద గొట్టం ఎక్కించి, పైన క్లిప్పు బిగించండి. మూతికి మరలు ఉంటే ప్లాస్టిక్ హోస్ కాలర్ (ఒక వైపు మరలు, ఇంకో వైపు గొట్టం ఎక్కే గట్లు ఉన్న ముక్క) తెచ్చి బిగించుకోవచ్చు, టెఫ్లాన్ టేపుకు అప్పుడు పని ఉంటుంది. గొట్టం మరీ ఇరుకైతే బలవంతం చేయకండి, రెండు కొసలూ వేర్వేరు కొలతల్లో ఉండే రెడ్యూసర్ జాయినర్ పెట్టండి.

నేను కచ్చితంగా పాటించే నియమం ఒకటుంది: హాల్లో జాయింటు ఉండకూడదు. పంపు దగ్గరి జాయింటు తొట్టిలో నీళ్ల కింద ఉంటుంది. అది ఊడినా పోయేదేమీ లేదు, నీళ్లు తొట్టిలోనే సుడి తిరుగుతాయి. కానీ గొట్టం పొడవు చాలక మధ్యలో ఇంకో ముక్క కలిపారనుకోండి, ఆ కలిపిన చోటు సోఫా వెనక ఊడితే ఇల్లు చెరువే. అతుకు తప్పనప్పుడు అది స్నానాలగదిలోనో, కిటికీ అవతలో పడేలా ముక్కలు కోసుకోండి.

గొట్టం దారి

తొట్టి అంచు మీద గొట్టం మడతపడి నొక్కుకుపోవడం అందరికీ ఎదురయ్యే చిక్కు. అర అంగుళం పీవీసీ ఎల్బోలు రెండు, వాటి మధ్య నాలుగంగుళాల ముక్క ఒకటి కలిపితే తిరగేసిన ఇంగ్లీషు యూ అక్షరం లాంటి వంపు తయారవుతుంది. దాన్ని అంచు మీద తగిలించి, రెండు వైపులా గొట్టం ఎక్కించవచ్చు, కానీ అప్పుడు హాల్లో ఒక జాయింటు వచ్చినట్టే. అది వద్దనుకుంటే అంచు మీద పాత తువ్వాలు మడతపెట్టి, గొట్టాన్ని పెద్ద వంపుతో దాని మీదుగా పోనిచ్చి, గుడ్డపేలికతో వదులుగా కట్టండి. అద్దం అంచుకు గొట్టం నేరుగా ఒరుసుకోకూడదు.

అవతలి కొసను కట్టడం మరచిపోకండి. పంపు మొదలైనప్పుడు గొట్టంలోని గాలి తన్నుకుంటూ బయటికి వస్తుంది, తేలిక గొట్టం పాములా లేచి దిక్కు మారుస్తుంది. కిటికీ ఊచకో, కుళాయికో పురికొసతో కట్టండి. బకెట్‌లోకి వదులుతుంటే కొస నీళ్లలో మునగకుండా పైన వేలాడాలి.

కరెంటు

నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఎందుకంటే మన ఇళ్లలో కొన్ని స్విచ్‌లు ఫేజ్ తీగను కాకుండా న్యూట్రల్ తీగను తెంచేలా బిగించి ఉంటాయి. పంపు తీగ తొట్టి నుంచి నేరుగా ప్లగ్గులోకి వెళ్లకూడదు. ప్లగ్గు కన్నా కిందికి ఒకసారి వంగి, అక్కడినుంచి పైకి ఎక్కాలి. అప్పుడు తీగ వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. పొడిగింపు బోర్డును నేల మీద పెట్టకండి. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) ఉంటే మంచిది, లేకపోతే ఈ పంపు కోసం కాకపోయినా పెట్టించుకోండి.

హీటర్ ఉంటే నీళ్లు తోడటానికి పావుగంట ముందే ఆపండి. వేడిగా ఉన్న హీటర్ గాజు నీళ్లలోంచి బయటపడితే పగులుతుంది. ఫిల్టర్ కూడా ఆపండి, మట్టం దిగాక అది గాలి పీల్చి పాడవుతుంది. నెల్లూరులో హీటర్ వాడేవాళ్లు తక్కువే, డిసెంబరులో తీసి ఫిబ్రవరి దాకా ఉంచేవాళ్లు కొందరున్నారు.

మొదలుపెట్టడం

పంపును గులకరాళ్ల మీద నేరుగా కూర్చోబెట్టకండి. చిన్న గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి, లేదా వెనక అద్దానికి అతుక్కునే రబ్బరు పాదాలతో అంటించండి. ఇసుక లోపలికి వెళ్తే తిరిగే రెక్కల చక్రం అరిగిపోతుంది. పీల్చే వైపు స్పాంజి ముక్క కట్టండి, గప్పీ పిల్లలు ఉంటే తప్పనిసరిగా.

ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాక పంపు గుయ్యిమంటూ నీళ్లు రాకపోతే కంగారు పడకండి. చక్రం దగ్గర గాలి ఇరుక్కుని ఉంటుంది. ప్లగ్గు పీకి, పంపును నీళ్లలోనే అటూ ఇటూ ఒరగేసి ఊపండి. బుడగలు పైకి వస్తాయి. మళ్లీ వేయండి. మొదటిసారి పదిహేను లీటర్ల బకెట్‌లోకి వదిలి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకోండి. 90 సెకన్లయితే గంటకు 600 లీటర్లు అన్నమాట. అంటే మన తొట్టిలోని 70 లీటర్లకు ఏడు నిమిషాలు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద రాసి తొట్టి వెనక అంటించుకుంటే ప్రతిసారీ గడియారం చూసి పని ముగించవచ్చు.

ఆపడం

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. గొట్టం నిండా నీళ్లు ఉండి, అవతలి కొస తొట్టి మట్టానికన్నా కింద ఉంటే, పంపు ఆగినా నీళ్లు ఆగవు. పంపు మొదలుపెట్టిన ప్రవాహాన్ని నీటి బరువే కొనసాగిస్తుంది. చిన్న పంపుల రెక్కల మధ్య ఖాళీ ఎక్కువ, వాటిలోంచి నీళ్లు సునాయాసంగా జారిపోతాయి. మధ్యలో కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. కొబ్బరి పాదు మా హాలు నేల కన్నా రెండడుగులు కిందికి ఉంది. నీళ్లు పంపు నోటి దాకా దిగాక, అది గాలి పీల్చింది కాబట్టి ఆగాయి, లేకపోతే ఆ రెండంగుళాలు కూడా ఉండేవి కావు.

దీనికి మూడు విరుగుళ్లు ఉన్నాయి. స్విచ్ ఆపగానే తొట్టి అంచు దగ్గర గొట్టాన్ని లాగి గాలి ఎక్కించడం అందరికీ తెలిసినదే, కానీ అది మీరు అక్కడ ఉండటం మీద ఆధారపడుతుంది. రెండోది, మట్టం ఎక్కడ ఆగాలో అద్దం మీద బయటినుంచి టేపు అంటించి, పంపును అడుగున కాకుండా ఆ గీత ఎత్తులోనే వేలాడదీయడం. నీళ్లు అక్కడికి రాగానే పంపు గాలి పీలుస్తుంది, ప్రవాహం దానంతట అదే తెగిపోతుంది. అయితే స్విచ్ ఆపకపోతే పంపు ఉత్తుత్తిగా తిరిగి వేడెక్కుతుంది, మునిగే పంపుకు చుట్టూ ఉన్న నీళ్లే చల్లదనం.

మూడోది నాకు నచ్చింది. తొట్టి లోపలి భాగంలో, సరిగ్గా టేపు గీత ఎత్తులో, గొట్టానికి వేడి చేసిన మేకుతో మూడు మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. పంపు నడుస్తున్నప్పుడు ఆ రంధ్రంలోంచి కొంచెం నీళ్లు తొట్టిలోకే చిమ్ముతాయి, ఆ నష్టం లెక్కలోకి రాదు. మట్టం రంధ్రం కన్నా దిగాక మీరు స్విచ్ ఆపినా, కరెంటు పోయినా, రంధ్రంలోంచి గాలి గొట్టంలోకి వెళ్లి ప్రవాహాన్ని తెంచేస్తుంది. రంధ్రం తొట్టి మధ్యలోకి తిరిగి ఉండాలి, బయటి వైపుకు తిరిగితే గోడ తడుస్తుంది. ఒక హెచ్చరిక: మట్టం రంధ్రానికి పైన ఉండగానే కరెంటు పోతే, నీళ్లు రంధ్రం దాకా దిగి అక్కడ ఆగుతాయి. మీరు ఎలాగూ అక్కడిదాకా తోడాలనుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. అప్పుడప్పుడు ఆ రంధ్రంలో నాచు పట్టి మూసుకుపోతుంది, పని మొదలుపెట్టే ముందు అగ్గిపుల్లతో ఒకసారి పొడిచి చూడండి.

అవతలి కొస తొట్టికన్నా పైన, డాబా మీద ఉంటే చిక్కు తిరగబడుతుంది. పంపు ఆపగానే గొట్టంలోని నీళ్లు వెనక్కి తొట్టిలోకి వస్తాయి. పదిహేను మీటర్ల అర అంగుళం గొట్టంలో దాదాపు రెండు లీటర్లు ఉంటాయి, వాటితోపాటు గొట్టంలోని మురికి కూడా. కొస బకెట్ నీళ్లలో మునిగి ఉంటే బకెట్ మొత్తం తిరిగొస్తుంది. కొసను పైన వేలాడదీయమన్నది ఇందుకే.

ఎంత తోడాలి, ఎక్కడ పోయాలి

మామూలుగా శుభ్రం చేయడానికైతే నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు చాలు, వారానికో రెండు వారాలకో ఒకసారి. మొత్తం ఖాళీ చేయడం తొట్టి కారుతున్నప్పుడో, ఇల్లు మారుతున్నప్పుడో మాత్రమే. అప్పుడు మొదట తోడిన శుభ్రమైన నీళ్లను పెద్ద టబ్బులో పట్టి, చేపలను ఆ నీళ్లలోకే మార్చి, గాలి పంపు పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. ఫిల్టర్ స్పాంజిని కూడా ఆ నీళ్లలోనే ఉంచండి, కుళాయి కింద కడిగితే చేపల వ్యర్థాన్ని విరిచే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

నీళ్లు తగ్గిన మేరకు పోస్తూ ఉంటే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. సముద్రం ఒడ్డు ఊళ్ల ఉప్పు బోరైనా, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఫ్లోరైడ్ బోరైనా, పోసిన ప్రతిసారీ అవి ఇంకొంచెం చిక్కబడతాయి. తోడి పారబోయడమే వాటిని బయటికి పంపే దారి.

తోడిన నీళ్లు మొక్కలకు మంచి ఎరువు. కొబ్బరి, జామ, మల్లె అన్నీ ఇష్టంగా తాగుతాయి. చేపలకు జబ్బు చేసి రాళ్ల ఉప్పు వేసి ఉంటే మాత్రం మల్లెపాదులో పోయకండి. కాలువలోకి, చెరువులోకి వదలడం అసలు వద్దు. తెలుగు ఊళ్లలో దెయ్యం చేప అని పిలుస్తున్న సక్కర్ చేప దక్షిణ అమెరికాది, చేపల తొట్ల వ్యాపారం ద్వారానే మన నీళ్లలోకి చేరింది. ఒక గుడ్డు, ఒక పిల్ల గొట్టంలోంచి జారిపోయినా తిరిగి పట్టుకోలేం.

కొత్త నీళ్లు పోసేటప్పుడు ఇదే పంపును టబ్బులో పెట్టి తొట్టిలోకి తిప్పవచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాగుతాయి. అవి తొట్టిలో పడితే చేపలకు అదే ఆఖరు. ముందురోజు సాయంత్రం టబ్బులో పట్టి గాలి పంపు వేసి ఉంచితే తెల్లవారేసరికి చల్లబడతాయి, కుళాయి నీళ్లలోని క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. తొందరగా ఉంటే అక్వేరియం దుకాణాల్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. రెండు నీళ్ల మధ్య వేడిలో రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

పని అయ్యాక

పంపును శుభ్రమైన నీళ్లలో రెండు నిమిషాలు నడిపి, ముందు మూత తీసి, రెక్కల చక్రాన్ని బయటికి లాగి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దాని మీద తెల్లటి పొర కడుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గ్లాసు నీళ్లలో కలిపి గంటసేపు నానబెడితే అది కరిగిపోతుంది. నిమ్మకాయలు చవకగా ఉన్న రోజుల్లో రసమే పిండవచ్చు. తరువాత బాగా కడగాలి.

గొట్టాన్ని చుట్టి మూల పడేస్తే లోపల నాచు పడుతుంది. మధ్య భాగాన్ని మేకుకు తగిలించి, రెండు కొసలూ కిందికి వేలాడేలా నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరాక రెండు కొసల్లోనూ గుడ్డపేలిక కుక్కండి. మట్టిగూడు కట్టే కందిరీగలకు అర అంగుళం గొట్టం సరిగ్గా సరిపోయే ఇల్లు. మరుసటి వారం పంపు తిరుగుతూ నీళ్లు రాకపోతే, గాలి కన్నా ముందు ఆ కొసలో మట్టి ఉందేమో చూడండి.